మహతి వేదిక నుంచి మణికొండ షూటింగు ఇంటి దాకా

తిరుపతి నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఆడపిల్లల తల్లులవే. "మా పాప డ్యాన్సు బాగా చేస్తాది, సినిమాల్లోకి ఎట్లా పంపించాల మేడమ్?" అంటారు. కొందరు అడగడానికి ముందే వాట్సాప్‌లో ఫోటోలు పెట్టేస్తారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక, నేను వచ్చిన దారి ఇదీ అని ఒకసారి రాసి పెడుతున్నా. ముందే చెప్పేస్తే మంచిది, నేను హీరోయిన్ని కాను. పోస్టరు మీద నా ముఖం ఎప్పుడూ పడలేదు. మా వీధిలో వాళ్ళే "ఇప్పుడు ఏ సీరియల్లో చేస్తా ఉండావు పాపా?" అని అడుగుతారు, నేను చెప్పాక కూడా గుర్తుపట్టరు. అయినా చాలా ఏళ్ళుగా నా ఇంటద్దె, తిండి, ఊరికి పంపే డబ్బు అన్నీ నటన మీదే గడుస్తున్నాయి.

నాయన తిరుపతికీ కొండకీ మధ్య జీపు నడిపేవాడు. అమ్మ జాకెట్లు కుట్టేది. బాలాజీ కాలనీ దగ్గర ఒక మిద్దె మీద రేకుల షెడ్డులో మా కూచిపూడి క్లాసు జరిగేది. టీచరు శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో చదివినావిడ. 1959లో మొదలైన ఆ దేవస్థానం కళాశాల పుణ్యమా అని తిరుపతిలో ఏ పేటకు పోయినా ఒక సంగీతం టీచరో డ్యాన్సు టీచరో దొరుకుతారు. ఫీజు కూడా జీపు డ్రైవరు కట్టుకోగలిగినంతే. హైదరాబాదు వచ్చి ఇక్కడి క్లాసుల ఫీజులు విన్నాక గానీ ఆ సంగతి నాకు అర్థం కాలేదు.

రెండో అదృష్టం వేదికలు. వేరే ఊళ్ళో పిల్లలకు ఏడాదికొక్కసారి స్కూలు వార్షికోత్సవంలో స్టేజీ దొరికితే గొప్ప. మాకు మహతి ఆడిటోరియం ఉంది, అన్నమాచార్య కళామందిరం ఉంది, కార్తీకంలో తిరుచానూరు పద్మావతమ్మ బ్రహ్మోత్సవాలకు వేసే వేదిక ఉంది, కొండ మీద నాదనీరాజనం ఉంది. ఊరేగే స్వామి వాహనం ముందు ఆడుతూ పోయే బృందాల్లో పిల్లలకు ఎప్పుడూ చోటుండేది. 2008లో దేవస్థానం భక్తి ఛానల్ వచ్చాక అమ్మకు ఇంకో పని పడింది, టీవీ ముందు కూర్చుని గుంపులో నేను ఎక్కడున్నానో వెతుక్కోవడం.

ప్రోగ్రాం అంటే బయటి వాళ్ళకు కనిపించేది స్టేజీ మీద ఆ పది నిమిషాలే. సాయంత్రం ఆరుకి ప్రోగ్రాం అయితే మధ్యాహ్నం రెండుకే మేకప్ మొదలు. ముఖానికి పాన్‌కేక్, కాళ్ళకు పారాణి, సవరం పెట్టి అల్లిన జడ, దాని బరువుకు వెనక్కి లాగే మెడ. డ్రెస్సు ఒకసారి కట్టాక విప్పడం కుదరదు కాబట్టి నీళ్ళు తాగనిచ్చేవాళ్ళు కాదు. అమ్మ నా డ్రెస్సు విసనకర్ర మడతలకు ఇస్త్రీ పెట్టి, అవి నలగకుండా నన్ను నిలబెట్టే ఉంచేది. ఆ తర్వాత చీఫ్ గెస్టు ఆలస్యం. ఉపన్యాసాలు ఆలస్యం. చివరికి మైకులో "సమయాభావం వల్ల" అన్న మాట వినపడేసరికి టీచరు రెక్క, అదే స్టేజీ పక్క తెర, దగ్గరికొచ్చి వేళ్ళతో చెప్పేది: పల్లవి, మూడో చరణం, తీర్మానం, అంతే. పన్నెండు నిమిషాల అంశాన్ని అయిదు నిమిషాలకు అక్కడికక్కడే కుదించేసుకుని, ఆరుగురు పిల్లలం ఎవరూ తడబడకుండా ఆడేవాళ్ళం. ఇవాళ షూటింగులో "మేడమ్, లైటు పోతోంది, ఈ రెండు పేజీలూ ఒక్క షాట్‌లో కానిచ్చేద్దాం" అంటే నాకు గుండె దడ రాదు. ఆ ధైర్యం ఏ యాక్టింగ్ స్కూల్లోనూ నేర్చుకోలేదు, మహతిలో రెక్క పక్కన నిలబడి నేర్చుకున్నా.

రిహార్సల్లో టీచరు చివరి వరసలో కూర్చునేది. "నాకు నీ కళ్ళు కనపడలేదు" అని కేకేసేది. కళ్ళు ఇంకా తెరిచేదాన్ని. "ఇప్పుడూ కనపడలేదు." ఇంకా తెరిచేదాన్ని. ఆ అలవాటు ఒంట్లో ఎంత ఇంకిపోయిందో, తర్వాత దాన్ని వదిలించుకోవడానికి ఎంత కాలం పట్టిందో ముందు ముందు చెప్తా.

ఇక్కడ తల్లులకు ఒక మాట. వందల మంది పిల్లల్ని ఒకేసారి ఆడించి, తలకింత అని వసూలు చేసి, ఒక రికార్డు పేరుతో సర్టిఫికెట్టు, ఒక ప్లాస్టిక్ జ్ఞాపిక, ఒక బిరుదు ఇచ్చి పంపే కార్యక్రమాలు చాలా ఉన్నాయి. మా ఇంట్లో అలాంటి జ్ఞాపికలు షోకేసు నిండా ఉన్నాయి. ఏ ఆడిషన్‌లోనూ ఒక్కరంటే ఒక్కరు వాటి గురించి అడగలేదు. ఆ డబ్బు దాచి, కేంద్ర సాంస్కృతిక వనరుల శిక్షణ సంస్థ, అదే సీసీఆర్‌టీ, ఇచ్చే స్కాలర్‌షిప్పుకు పిల్ల చేత దరఖాస్తు పెట్టించండి. పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు అది. మా కాలంలో ఏడాదికి 3600 రూపాయలు, గురువుకు కట్టిన ఫీజు 9000 మించకుండా వెనక్కి ఇచ్చేవాళ్ళు. నాకు రాలేదు, మా క్లాసులో నాకంటే చిన్న పాపకు వచ్చింది. ఆ పాప ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తోంది. సాయంత్రాలు పిల్లలకు డ్యాన్సు నేర్పుతోంది, హాయిగా ఉంది.

నాట్యం ఒక పక్క. నాటకం మీద నాకు మోజు పుట్టించింది మాత్రం గంగమ్మ జాతర, అవ్వోళ్ళ ఊళ్ళో భారతం.

తాతయ్యగుంట గంగమ్మ జాతరంటే తిరుపతి వాళ్ళకు చెప్పక్కర్లేదు. రోజుకొక వేషం. బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్లగా నామంకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. ఆడవాళ్ళను చెరిచే పాలెగాణ్ణి బయటికి రప్పించడానికి అమ్మవారు కట్టిన వేషాలవి. దొర వేషంలో ఉండగా వాడు దొరికి చస్తాడు. మర్నాడు మాతంగి వేషంలో పోయి, తాను చంపినవాడి పెళ్ళాన్ని తానే ఓదారుస్తుంది. నటిగా నాకు ఇప్పటిదాకా వచ్చిన ఏ స్క్రిప్టులోనూ దీన్ని మించిన సీను లేదు. చిన్నప్పుడు మాత్రం నాకు నచ్చింది వేరే. మా అన్న అమ్మ పట్టుచీర కట్టుకుని, విగ్గు పెట్టుకుని, నా గాజులు నా అనుమతి లేకుండా వేసుకుని, వీధుల్లో నడుస్తుంటే ఇరుగూపొరుగూ మురిసిపోయేవాళ్ళు. మీసం ఉన్న మామలు, లారీ డ్రైవర్లు, మా స్కూలు పీఈటీ సారు, అందరూ చీరల్లోనే. మొక్కు కాబట్టి ఎవరూ నవ్వరు.

అవ్వోళ్ళ ఊరు పాకాల పక్కన. అక్కడ ధర్మరాజుల గుడి దగ్గర భారతం పెడితే పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, ఒకరోజు అర్జునుడు తపస్సుకని ఎక్కే తపసుమాను, చివరిరోజు దుర్యోధన వధ, సాయంత్రం అగ్నిగుండం. భారతం మిట్ట మీద మట్టితో చేసిన దుర్యోధనుడు ఊరంత పొడుగు పడుకుని ఉంటాడు, పిల్లలం ఆయన పాదం పక్కన ఆడుకునేవాళ్ళం. రాత్రుళ్ళు గోనెసంచి పరుచుకుని, అవ్వ ఒళ్ళో తల పెట్టుకుని చూసేదాన్ని. ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు, తెర వెనక గజ్జెల మోత, అద్దాలు పొదిగిన భుజకీర్తులు తెర పైనుంచి కొంచెం కొంచెం కనిపిస్తాయి. పాత్ర ఎవరో తెలిసేలోపే ఆ నటుడు జనాన్ని సగం గెలుచుకుని ఉంటాడు. ఒకసారి వస్త్రాపహరణం రాత్రి ద్రౌపది ఏడుపుకు మా అవ్వ కూడా ఏడ్చింది. తెల్లారి చూస్తే ఆ ద్రౌపది టీ కొట్టు దగ్గర బీడీ కాలుస్తా కూచోనుంది. గడ్డం గీసిన చోట రంగు ఇంకా పోలేదు.

నేను ఇంటికొచ్చి "నేను కూడా ద్రౌపది వేషం కడతా" అన్నా. అవ్వ చెంపలు వాయించలేదు గానీ, "ఆడబిడ్డకి వేషాలేందే పాపా, ఊరోళ్ళు ఏమనుకుంటారు" అంది. చీర కట్టుకుని వీధిలో తిరిగే హక్కు మా అన్నకుంది, ద్రౌపదిలా జుట్టు విరబోసుకునే హక్కు ఆ బీడీ ఆయనకుంది. నాకు లేనిదల్లా అదే. సురభి నాటక కుటుంబాల్లో ఆడవాళ్ళు తరతరాలుగా ఆడపాత్రలు కడుతున్నారనీ, ఆ సురభి ఊరు పక్కనున్న కడప జిల్లాలోదేననీ చాలా ఏళ్ళ తర్వాత చదువుకున్నా. ఆ రోజు అవ్వతో వాదించడానికి పనికొచ్చేది.

స్కూల్లో ఏకపాత్రాభినయం ఉండటం వల్ల బతికిపోయా. స్కూలు అంటే ఎవరూ కాదనరు, బహుమతి వస్తుంది కదా. తెలుగు సారు నా చేత ఝాన్సీ లక్ష్మి దగ్గర్నుంచి దుర్యోధనుడి దాకా అన్నీ కట్టించారు. అప్పట్లో బాలల దినోత్సవం రోజుల్లో కొత్తగూడెంలో జరిగే బాలోత్సవ్‌కు ఒక ఏడాది మా జట్టును తీసుకెళ్ళారు. రాత్రి రైలెక్కి ఖమ్మంలో దిగి, అక్కణ్ణుంచి బస్సు. తెలుగు నేల మూలమూలల నుంచి వేల మంది పిల్లలు. ఒక గదిలో కథ రాసేవాళ్ళు, ఒక గదిలో బొమ్మలు వేసేవాళ్ళు, స్టేజీ మీద ఒకదాని వెనక ఒకటి నాటికలు. మాకు బహుమతి రాలేదు. బహుమతి వచ్చిన నాటికలో ఒక పాప స్టేజీ మీద ఏమీ చేయకుండా ఊరికే కూర్చుని, పక్క పిల్లవాడు చెప్పేది వింటోంది. జనమంతా ఆ పాపనే చూస్తున్నారు. నేను కూడా.

డిగ్రీ తిరుపతి పద్మావతి మహిళా కాలేజీలో, అదే ఎస్పీడబ్ల్యూలో. యువజనోత్సవాల్లో నాటక విభాగం పోటీలకు లెక్కలు గట్టిగా ఉంటాయి: ఏకాంకిక అరగంట మించకూడదు, స్కిట్ పది నిమిషాలు, మైమ్ అయిదు. సెట్టు ఎత్తడం, దించడం అన్నీ గడియారం చూసుకుంటూ చేయాల్సిందే. మా సెట్టు మూడు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక దుప్పటి. చిత్తూరులో ఒకసారి పోటీకి వెళ్ళినప్పుడు, మా లెక్చరరు గుంటూరు సీమలో పుట్టిన నటుడు నాగయ్యగారికి "చిత్తూరు" ఇంటిపేరులా ఎట్లా అంటుకుందో చెప్పారు. ఇక్కడి రామవిలాస సభ నాటకాల్లో పేరు తెచ్చుకుని సినిమాకు పోయాడాయన. నాయనకు ఆ కథ చెప్పా. "ఆయన మగోడు గదమ్మా" అన్నాడు. అంతటితో ఆ రాత్రి మాటలు అయిపోయాయి.

నటనకు నాకు మొట్టమొదట డబ్బిచ్చింది ఆకాశవాణి. తిరుపతి కేంద్రం యువవాణి కార్యక్రమంలో మాట్లాడటానికి పోయి, తర్వాత నాటక విభాగం ఆడిషన్ ఇచ్చి బి గ్రేడు తెచ్చుకున్నా. దాని పైన బి-హై, ఏ, టాప్ ఉంటాయి. పైసలు కొద్దిగానే, కానీ చెక్కు మీద నా పేరుంది. నాయన దాన్ని బ్యాంకులో వేయనీకుండా రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాడు.

అక్కడ నాకు జరిగింది ఇంకొకటుంది. స్టూడియో తలుపు మూస్తే చెవులు మూసుకుపోయినట్టుంటుంది. స్క్రిప్టు పిన్నులు తీసేసి విడి కాగితాలు చేతికిస్తారు, తిప్పేటప్పుడు చప్పుడు కాకుండా. ఒక్కో కాగితం మూల పట్టుకుని పక్కకు జార్చాలి. ఎర్రలైటు వెలిగింది. నేను మహతి చివరి వరస దాకా వినపడేలా మొదటి డైలాగు చెప్పా. అద్దం అవతల కూర్చున్న పెద్దాయన హెడ్‌ఫోన్ తీసి చెవి రుద్దుకున్నారు. లోపలికొచ్చి, మైకుకు జానెడు దూరంలో నన్ను నిలబెట్టి, "ఇది మీ ఫ్రెండు చెవమ్మా. చెవిలో ఎవరన్నా అరుస్తారా?" అన్నారు. మళ్ళీ చెప్పా. ఇంకా తగ్గించమన్నారు. మాటకు ముందు పీల్చే ఊపిరి కూడా వినిపిస్తోందని, అది కూడా డైలాగేననీ చెప్పారు. దూరంగా పోతున్నట్టు రావాలంటే గొంతు తగ్గించడం కాదు, తల పక్కకు తిప్పి రెండడుగులు వెనక్కి వేయాలి. కళ్ళతో చేసేదంతా గొంతులోకి దించుకోవాల్సి వచ్చింది. కెమెరా ముందుకు నేను పోయింది ఆ తర్వాత చాలా కాలానికి. కానీ కెమెరాకు పనికొచ్చే చదువు మొదలైంది ఆ జానెడు దూరంలోనే. డ్యాన్సు నేర్చుకున్న పిల్లలు సినిమాకు తయారైపోయినట్టేనని అనుకునే తల్లులకు నేను మొదట చెప్పేది ఇదే: డ్యాన్సు ఆపొద్దు, కానీ పిల్లను ఒక్కసారి మైకు ముందు నిలబెట్టండి.

తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల పీజీ. రాతపరీక్ష ఉంది, ఆ పైన చేసి చూపించే పరీక్ష. ఇంట్లో ఒప్పించడం సులువే అయింది, పేరులో "యూనివర్సిటీ" ఉంది, చివర్లో పీజీ పట్టా ఉంది. నాటకం అనే మాట నేనూ ఎత్తలేదు, వాళ్ళూ ఎత్తలేదు. మొదటి నెలలు యాక్టింగు చేయించలేదు. మేకులు కొట్టించారు. చెక్క ఫ్రేములకు గుడ్డ బిగించి ఫ్లాట్లు తయారుచేయడం, లైట్లు నిచ్చెనెక్కి తగిలించడం, వైర్లు చుట్టడం. ఇప్పటికీ సెట్టులో లైటు ఎటు నుంచి పడుతోందో చెప్పకముందే తెలుస్తుందంటే అందుకే. యాక్టింగు క్లాసులో ఒక సీను చేస్తే మా మేడమ్ అడిగింది ఒకటే: "నువ్వు ఏడుస్తున్నావా, ఏడుపు చూపిస్తున్నావా?" నేను చేసింది అచ్చంగా రెండోదే. కూచిపూడిలో అది తప్పు కాదు, చూపించడమే అక్కడ పని. ఇక్కడ ఎదుటివాడి మాట విని, దానికి ఏం కలిగితే అది కలగనివ్వాలి. కొత్తగూడెంలో ఊరికే కూర్చున్న పాప ఏం చేసిందో అప్పుడు తెలిసింది.

చదువయ్యాక హైదరాబాదులో నాటకాలు. రవీంద్రభారతి, బంజారాహిల్స్ లామకాన్, గచ్చిబౌలి చుట్టుపక్కల చిన్న చిన్న హాళ్ళు. నాటకంలో డబ్బుండదు. పెట్రోలు ఖర్చు ఇచ్చి, షో అయ్యాక సమోసా పెట్టిస్తే మంచి బృందమన్నట్టు. మిగతా సమయంలో ఆడిషన్లు. ప్రొఫైల్ ఫోటోలు, ఒక నిమిషం పరిచయం వీడియో, "పేరు, ఎత్తు, ఎడమ పక్క చూడండి, కుడి పక్క చూడండి". రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నా, వాళ్ళు చెప్పిన ఫోటోగ్రాఫరు దగ్గరే ఫోటోలు దిగాలన్నా, రాత్రిపూట ఫ్లాటుకు రమ్మన్నా అది ఆడిషన్ కాదు. నా స్నేహితురాలొకామె ఇలా ఒకచోట రెండు నెలల అద్దె డబ్బు పోగొట్టుకుంది. నిజమైన ఆడిషన్‌కు నటి ఒక్క రూపాయి కట్టదు. దాని గురించి ఇంతకంటే రాయను, తెలిసిన విషయమే.

సీరియల్లోకి ఒక కో-ఆర్డినేటరు ద్వారా వచ్చా. మణికొండలో షూటింగుకు అద్దెకిచ్చే ఇల్లు, కింద ఒక సీరియల్, పైన ఇంకొకటి. మనం కింద ఏడుస్తుంటే పైన పెళ్ళి బాజాలు. పేరుకు తొమ్మిది నుంచి ఆరు కాల్షీటు. నేను హీరోయిన్ పిన్నిని. డైలాగు పేజీ చేతికొచ్చేది షాటుకు అయిదు నిమిషాల ముందు, కొన్నిసార్లు అదీ ఉండదు. అసిస్టెంటు డైరెక్టరు కెమెరా పక్క నుంచి లైను అందిస్తుంటాడు, అతను చెప్పేది వింటూనే మనం చెప్పాలి, అతని వైపు చూడకూడదు. నాటకం వాళ్ళకు ఇది మహాపాపం. కానీ రెక్క దగ్గర టీచరు వేళ్ళ సైగలు చూసి పెరిగినదాన్ని, నాకు వారం రోజుల్లో అలవాటైపోయింది. విచిత్రమేమిటంటే ఇక్కడ మళ్ళీ పెద్ద కళ్ళు కావాలి. తలుపు తెరుచుకుంది, ఎవరో వచ్చారు, పిన్ని చూసింది: దానికి మూడు కెమెరాల్లో మూడు రియాక్షన్లు. పీజీలో వదిలించుకున్నదంతా మళ్ళీ బీరువాలోంచి తీసి తొడుక్కున్నా. సిగ్గేం లేదు, పని అది. కొన్ని నెలలకు పిన్నిని అమెరికా పంపేశారు, ఎందుకో కథలో చెప్పలేదు. పేమెంటు మాత్రం నేను "అమెరికా" పోయిన చాలా రోజులకు వచ్చింది. నాయన ఫోన్ చేసి "ఎప్పుడు తిరిగొస్తావంట?" అని సీరియస్‌గా అడిగాడు.

ఆ ఖాళీలో తిండి పెట్టింది డబ్బింగ్. తెలుగు సీరియల్ హీరోయిన్లలో చాలామంది బెంగళూరు నుంచి వస్తారు, వాళ్ళ గొంతు తెలుగమ్మాయిలది. చీకటి గదిలో, చెవిలో వాళ్ళ మాట, తెర మీద వాళ్ళ పెదాలు. మాట సరిపోతే చాలదు, ఊపిరి కూడా సరిపోవాలి. ఏడ్చే సీనులో ఆ అమ్మాయి ఎక్కడ గుటక వేసిందో అక్కడ నేనూ గుటక వేయాలి. ఆకాశవాణి పెద్దాయన చెప్పిన జానెడు దూరం మళ్ళీ పనికొచ్చింది. ఒకే పూటలో ఒక హీరోయిన్‌కు, ఒక అత్తకు, ఆస్పత్రి సీనులో నర్సుకు, గుంపు అరుపులకు గొంతిచ్చిన రోజులున్నాయి. నా ముఖం కంటే నా గొంతు ఎక్కువ ఇళ్ళలోకి పోయింది. మా అమ్మ మాత్రం ఆ సీరియల్ చూస్తూ "ఈ పిల్ల బాగా మాట్లాడతాది" అని నాతోనే అంది, నేనని చెప్పేదాకా పోల్చుకోలేదు.

ఇదంతా అయ్యేంతవరకూ నేను మా యాస దాచుకునే తిరిగా. హైదరాబాదులో మొదటి ఆడిషన్లలో "ఉండాది" అని నోరు జారితే క్యాస్టింగ్ వాళ్ళు ముఖాలు చూసుకునేవాళ్ళు. "న్యూట్రల్‌గా చెప్పండి" అనేవాళ్ళు, వాళ్ళ దృష్టిలో న్యూట్రల్ అంటే కృష్ణా, గుంటూరు తెలుగే. కష్టపడి దాన్ని నేర్చుకున్నా, డబ్బింగ్‌లో అది లేకుండా పని లేదు కూడా. 2021 చివర్లో శేషాచలం ఎర్రచందనం చుట్టూ అల్లిన ఒక పెద్ద సినిమా వచ్చి, దాని హీరో మా మాట మాట్లాడి దేశమంతా ఆడేసరికి ఒక్కసారిగా గాలి మారింది. "చిత్తూరు యాస వచ్చిన ఆర్టిస్టులు కావలెను" అని గ్రూపుల్లో మెసేజిలు. అప్పటిదాకా నన్ను సరిదిద్దినవాళ్ళే ఫోన్ చేసి "మీది ఆ పక్కే కదా?" అని అడిగారు. నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. పనికి మాత్రం పోయా.

పోయాక అర్థమైంది, రాసేవాళ్ళలో చాలామందికి మా యాస అంటే ప్రతి మాట చివరా "ఉండా" తగిలించడమే. కుప్పం మాట ఒకటి, మదనపల్లె మాట ఒకటి, పుత్తూరు, నగరి వైపు పోతే అరవం కలిసిన మాట ఇంకొకటి. నన్ను ఒక వెబ్ సిరీస్‌లో హెడ్ కానిస్టేబుల్ పెళ్ళాం పాత్రకు తీసుకుని, మిగతావాళ్ళకు యాస నేర్పే పని కూడా అప్పజెప్పారు. దానికి వేరే డబ్బు ఇమ్మని అడిగా, ఇచ్చారు. అడగాలి. కానిస్టేబుల్‌గా చేసినాయన పెద్ద నటుడే, తెలంగాణ ఆయన. రాత్రిళ్ళు నా చేత డైలాగులన్నీ వాయిస్ మెసేజిలుగా పెట్టించుకుని, మర్నాడు మేకప్ వేసుకుంటూ వినేవాడు. మాట పట్టేశాడు గానీ, చివర సాగదీత పట్టలేకపోయాడు. "సార్, మీరు మాట ఆపేస్తా ఉండారు. మేం ఆపం, వదిలేస్తాం" అన్నా. నాయన జీపు స్టాండులో కూర్చుని మాట్లాడిన రికార్డింగు ఒకటి నా ఫోనులో ఉంటే అది వినిపించా. అయిదు నిమిషాలు విని, "ఈయన్నే పెట్టుకోవాల్సింది నా బదులు" అన్నాడు.

ఆ సిరీస్‌లో నాకు గుర్తుండిపోయిన షాట్‌లో డైలాగు లేదు. మొగుడు రాత్రి ఆలస్యంగా వచ్చి, లెక్క చెప్పకుండా ఒక నోట్ల కట్ట పప్పుల డబ్బా పక్కన పెడతాడు. నేను మర్నాటికి చింతకాయ తొక్కులోకి మెంతులు వేయిస్తున్నా. డైరెక్టరు "చూడండి, అంతే" అన్నారు. కెమెరా మూరెడు దూరంలో ఉంది. కళ్ళు పెద్దవి చేయలేదు. మెంతులు మాడుతున్న వాసన వచ్చి, స్టవ్ కట్టేశా. అది స్క్రిప్టులో లేదు, నిజంగానే మాడుతున్నాయి. ఆ టేకే ఉంచారు.

ఫోను చేసే తల్లులు చివరికి అడిగేది చిన్నపిల్లల్ని ఇప్పుడే నటింపజేయడం గురించి. దానికి నా ఇష్టాయిష్టాలతో పని లేదు, చట్టం ఉంది. 2016లో బాలకార్మిక చట్టం సవరించి, 2017లో నిబంధనలు పెట్టారు. కలెక్టరు అనుమతి లేకుండా పిల్లల్ని షూటింగుకు పెట్టకూడదు. రోజుకు అయిదు గంటలు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు, వరసగా 27 రోజుల కంటే ఎక్కువ పని చేయించకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం పిల్ల పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ వేయాలి. పిల్లకు ఇష్టం లేకపోతే ఎవరూ బలవంతం చేయకూడదని కూడా అందులోనే ఉంది. ఇవన్నీ ప్రతి సెట్టులో జరుగుతున్నాయని నేను చెప్పను. అడిగే తల్లి ఉన్న చోట జరుగుతాయి. ఒక షూటింగులో ఎనిమిదేళ్ళ పాప నిద్రకు తూలుతుంటే వాళ్ళమ్మ వాచీ చూపించి పిల్లను ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ పూటకు అందరూ చిరాకుపడ్డారు, మర్నాడు పాప సీన్లు పొద్దున్నే పెట్టుకున్నారు.

ప్రస్తుతం నా దగ్గర బి గ్రేడు కాగితం, డబ్బింగ్ యూనియన్ కార్డు ఉన్నాయి. మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ సభ్యత్వానికి డబ్బు ఇంకా కూడబెడుతున్నా. అన్నకు పెళ్ళి కుదిరింది కాబట్టి ఈ ఏడాది కూడా కుదరకపోవచ్చు. వచ్చే నెల ఒక సినిమాలో మూడు సీన్లున్నాయి, మదనపల్లె టమాటా మండీలో లెక్కలు రాసే ఆవిడ పాత్ర. డైలాగులు పంపించారు. ప్రతి లైను చివరా "ఉండా" ఉంది, ఇవాళ కూర్చుని సరిచేసి తిరిగి పంపాలి.